పొద్దుటి బండికి నిప్పు

బ్రిటన్‌లో వేల్సు కొండల్లో ఒక చిన్న రైలు బ్రాంచి లైను ఉండేది. దాని మీద తిరిగేది ఒకటే ఆవిరి ఇంజను. డ్రైవరు ప్రాసర్ ముసలాయన. ఆయన దగ్గర ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఐవర్. ఎప్పటికైనా ఆ ఇంజనుకి డ్రైవరు కావాలని, ఐవర్ తన వయసంతా ఆ పొయ్యి ముందే ధారపోశాడు.

తీరా చేయి తిరిగేసరికి, ఎక్కేవాళ్ళు లేరు, లైను మూసేస్తున్నామని పైనుంచి కబురొచ్చింది.

ఆఖరి రోజున చూడాలి జనాన్ని. బండి బతికున్నన్నాళ్ళూ దాని మొహం చూడని పెద్దమనుషులంతా కెమెరాలు తగిలించుకుని దిగారు. పెట్టెల్లో కాలు పెట్టే చోటు లేదు. ఐవర్‌కి ఒళ్ళు మండిపోయింది. ప్రాసర్ మాత్రం ఎప్పటిలాగే గడియారం చూసుకుని, ఎప్పటిలాగే కూత వేసి బండి నడిపాడు.

సాయంత్రం ఇంజను షెడ్డుకి చేరింది. "పొయ్యిలోంచి నిప్పంతా బయటికి లాగి ఆర్పేయండి. పొద్దున్నే దీన్ని తుక్కుకి పట్టుకుపోతారు" అని చెప్పి స్టేషన్ మాస్టరు వెళ్ళిపోయాడు.

ఐవర్ ఇక ఆగలేక ప్రాసర్ వైపు తిరిగాడు.

"మీకు బాధ లేదా మాస్టారూ? నాకు ఇంకే పనీ రాదు. రేపట్నుంచి నేనేం కావాలి? అన్నీ నేర్పారు, అదొక్కటీ నేర్పలేదు. మీది రాతిగుండె."

"వెళ్ళి నిప్పు లాగే కొక్కెం పట్రా" అన్నాడు ప్రాసర్.

ఐవర్ షెడ్డు వెనక్కి వెళ్ళి కాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు. మొహం తుడుచుకుని కొక్కెంతో తిరిగొచ్చాడు.

వచ్చి చూస్తే, ప్రాసర్ పార పట్టుకుని పొయ్యి ముందు వంగి ఉన్నాడు. నిప్పులన్నీ వెనక్కి నెట్టి పైన కొత్త బొగ్గు కప్పుతున్నాడు. అలా కప్పితే తెల్లారేదాకా నిప్పు ఆరదు, పొద్దుటి బండికి ఆవిరి తొందరగా అందుకుంటుంది. ఆయన ఐవర్‌కి నేర్పిన మొదటి పని అదే.

"మాస్టారూ, పొద్దున బండి లేదు" అన్నాడు ఐవర్ మెల్లిగా.

పార ఆగిపోయింది. అది తన చేతిలోకి ఎలా వచ్చిందా అన్నట్టు ముసలాయన దానివంక చూశాడు.

"తెలుసు నాయనా" అన్నాడు. "చేతులకే ఇంకా చెప్పలేదు."

ఐవర్ కొక్కెం కింద పెట్టాడు. ఆయన చేతిలోంచి పార తీసుకుని, మిగతా నిప్పు మీద తనే బొగ్గు కప్పాడు.