వెనకోడకి వేసిన విస్తరి

అనగనగా, చుక్కల్లోంచి దిగిన మనుషులకి ఈ నేల మీద నడక ఇంకా పూర్తిగా అలవాటు కాని కాలంలో, ఓడపాడు అనే ఊరు ఉండేది. ఇప్పుడూ ఉంది. అప్పుడు చిన్నది.

ఆ ఊరికి ఇద్దరు సూర్యుళ్ళు. పెద్ద సూర్యుడు నెమ్మదస్తుడు. పొలం పనికి సరిపోయే ఎండ కాసేవాడు. ఆయన దిగిపోగానే చిన్న సూర్యుడు ఎక్కేవాడు. చూడ్డానికి పొట్టివాడే గానీ కోపిష్టి. వాడి వెలుతురు ఒంటికి సూదుల్లా గుచ్చుకునేది. వాడు ఎక్కగానే ఊరంతా ఓడ కడుపులో దూరి పడుకునేది.

ఓడంటే నీళ్ళ మీద తేలేది కాదు. చుక్కల మధ్య తిరిగిన ఓడ. పక్కకి ఒరిగి, సగం మట్టిలో దిగబడిపోయి, ఊరికి ఇల్లూ గోడా అదే అయింది.

పాత లోకం నుంచి రెండు ఓడలు బయల్దేరాయట. ముందోడ, వెనకోడ. ముందోడ ఇక్కడ దిగింది. అందులో ఒక మాటల పెట్టె ఉండేది. దిగిన రోజున ఆ పెట్టెలోంచి వెనకోడ వాళ్ళు పలికారు. "అన్నం ఉంచండి, వస్తున్నాం" అన్నారు. అంతే, పెట్టె మూగబోయింది. మళ్ళీ పలకలేదు.

అన్నవాళ్ళు రాలేదు. విన్నవాళ్ళు మర్చిపోలేదు.

ఆ రోజు నుంచి ఓడపాడులో ఒక ఆచారం పుట్టింది. ఊరందరికీ వంట ఒక్కచోటే. వడ్డించేముందు వెనకోడ వాళ్ళకని ఒక విస్తరి వేసేవారు. మొదట్లో నిండా వడ్డించేవారు. వాళ్ళ పిల్లల కాలానికి అది ఒక ముద్ద అయింది. ఆ పిల్లల పిల్లల కాలానికి చిటికెడు అయింది. తర్వాత ఎవరో, ఎలాగూ తినేవాళ్ళు లేరు కదా అని, ఆకు ఎగిరిపోకుండా దాని మీద ఒక తెల్ల రాయి పెట్టారు. చివరికి ఆ రాయే మిగిలింది.

"రాయి పెట్టారా?" అని అడిగేవారు. "పెట్టాం" అనేవారు. అందరూ తినేవారు. వెనకోడ వాళ్ళు రాళ్ళు తింటారని పిల్లలు నిజంగానే నమ్మేవారు.

ఆ వంటశాలలో అంట్లు తోమే మనిషి తవిటమ్మ. ఆమెకి ముందు పుట్టినవాళ్ళు ఎవరూ దక్కలేదని, తల్లి ఆమెని పుట్టగానే తవుడులో దొర్లించి ఆ పేరు పెట్టింది. తర్వాత ఆ తల్లీ పోయింది. తవిటమ్మ కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు. అందుకేనేమో, ఎవరి కోసమైనా ఎదురుచూడ్డం ఆమెకి ఇష్టం.

ఒకరోజు ఆకు మీద రాయిని చూసి ఆమె అంది. "చుట్టాలకి రాయి పెడతామా?"

వంటపెద్ద సింహాద్రి నవ్వాడు. "మీ చుట్టాలు వస్తే చెప్పే. అప్పుడు ఉలవచారు కాస్తాను."

తవిటమ్మ తన ముద్దని రెండు ముక్కలు చేసింది. ఒకటి తిని, రెండోది ఆకులో పెట్టింది. ఆ ఊళ్ళో అన్నమంటే చోడి ముద్దే, అంటే రాగి ముద్దే. వేరే పంట లేదు. పక్కన చారు పోసింది. చుట్టాలు తిరిగి వెళ్ళేటప్పుడు దారిబత్తెం ఉండాలి కదా అని, తన వాటా చోళ్ళలోంచి ఒక పిడికెడు పచ్చి గింజలు కూడా పెట్టింది. ఆకుని ఊరి గోడ దాటించి, ఊరి చుట్టూ కమ్ముకుని ఉండే ఎర్ర పొగమంచు మొదలయ్యే చోట ఉంచి వచ్చింది. రాయిని మాత్రం పారేయలేదు. కడిగి దాచింది.

పెద్ద సూర్యుడు మళ్ళీ ఎక్కాక వెళ్ళి చూస్తే ఆకు ఖాళీగా ఉంది.

ఇక రోజూ అదే. సగం ముద్ద, కాస్త చారు, పిడికెడు గింజలు. ఆకు మీది రాయిని కడిగి దాచడం.

ఊరివాళ్ళకి ఇది మంచి కాలక్షేపం అయింది.

"తిన్నారా అప్పా మీ చుట్టాలు?" అని అడిగేవాడు గోడ తలుపు కాసే గుంపస్వామి.

"తిన్నారు తమ్ముడూ."

"ఏటన్నారు?"

"చారులో ఉప్పు తక్కువైందన్నారు."

అందరూ నవ్వేవారు. ఎందుకంటే ఆ ఊళ్ళో ఉప్పే లేదు. ఓడ వెనక గోడకి పట్టే తెల్లటి పొరని గోకి, చిటికెడు చిటికెడుగా వాడుకునేవారు. ఏ చారులోనైనా ఉప్పు తక్కువే.

తవిటమ్మ వెర్రిది కాదు. ఆకు ఎవరు నాకుతున్నారో ఆమెకి తెలుసు. చిన్న సూర్యుడి వేళ, అందరూ పడుకున్నాక, పొగమంచులోంచి ఆరుకాళ్ళ గొర్రె ఒకటి వచ్చేది. ఒళ్ళంతా బొచ్చు, ముఖం మాత్రం పెద్దమనిషి ముఖం. నెమ్మదిగా తిని, ఆకు నాకి, తలొంచుకుని వెళ్ళిపోయేది. తలుపు సందులోంచి తవిటమ్మ దాన్ని చూస్తూ కూర్చునేది. వాళ్ళు వచ్చేదాకా ఇది తింటే తప్పేముంది అనుకునేది.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. తవిటమ్మ జుట్టు నెరిసింది. గొర్రె బొచ్చూ నెరిసింది.

అప్పుడు కాటుక తెగులు వచ్చింది. చేలో చోడి వెన్నులు నల్లబడ్డాయి. ముట్టుకుంటే చేతికి మసి అంటేది. సరేలే, విత్తనాలు ఉన్నాయి కదా, వచ్చే పంట చూసుకుందాం అనుకుని విత్తనాల కొట్టు తెరిచారు. కొట్టు చూసే అప్పలకొండ చెయ్యి పెట్టి తీస్తే, చెయ్యి మోచేతి దాకా నల్లగా వచ్చింది.

తినడానికి పాత గింజ కొంత ఉంది. అది అయ్యేదాకా బతుకుతారు. నాటడానికి మాత్రం ఒక్క గింజ లేదు.

సింహాద్రి తవిటమ్మని పిలిచాడు. ఈసారి నవ్వలేదు. "ఇక ఆకులో రాయే పెట్టవే. గింజ బయటికి పోకూడదు."

"నా వాటాలోదే బావూ."

"నీ వాటా నువ్వే తిను. ఎండిపోయి కట్టెలా ఉన్నావు."

ఆ రోజు తవిటమ్మ మొదటిసారి ఉత్త చేతులతో గోడ దగ్గరికి వెళ్ళింది. గొర్రె వచ్చింది. ఆకు లేదు. అది తల ఎత్తి ఆమె వంక చూసింది. తవిటమ్మకి సిగ్గేసింది. చిన్న సూర్యుడు గుచ్చుతున్నా గోడ దాటి వెళ్ళి, "ఈ పూట లేదు నాయనా" అని దాని మెడ నిమిరింది.

చేతికి ఏదో తగిలింది. బొచ్చులో ఒక చోడి వెన్ను చిక్కుకుని ఉంది. నలిపి చూసింది. మసి అంటలేదు. గింజలు ఎర్రగా, గట్టిగా, నిగనిగలాడుతున్నాయి.

పొగమంచు అవతల ఎక్కడో మంచి చోడి పండుతోంది.

తవిటమ్మ ఆ వెన్నుని అందరికీ చూపించింది. ఒక్క వెన్నుతో ఊరు బతకదు. వెళ్ళి తేవాలి. కానీ పొగమంచులోకి వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు. లోపల ఏ దిక్కూ తెలియదు.

తవిటమ్మ సింహాద్రిని అడిగింది. "తోడు వస్తావా బావూ?"

"నా మోకాలు చూశావు కదే. పొయ్యి దాకా రావడమే గగనం."

అప్పలకొండని అడిగింది. "తోడు వస్తావా వదినా?"

"కొట్టుకి కాపలా ఎవరుంటారు?"

"ఖాళీ కొట్టుకా?"

"ఖాళీదైతే మాత్రం, కొట్టు కొట్టే కదా."

గుంపస్వామిని అడిగింది. "తోడు వస్తావా తమ్ముడూ?"

గుంపస్వామి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. "నేనూ వచ్చేస్తే, నువ్వు తిరిగొచ్చినప్పుడు తలుపు తీసేది ఎవరప్పా?"

తవిటమ్మకి ఆ మాట నచ్చింది. వంక చెప్పినా, తిరిగొస్తానని నమ్మినవాడు వాడొక్కడే. ఆమె తన ముద్దని ఆకులో మూటకట్టుకుంది. ఇన్నాళ్ళూ దాచిన తెల్ల రాళ్ళలో పట్టినన్ని గోనె సంచిలో పోసుకుంది. గొర్రె వీపు మీద ఆ సంచి వేసి, దాని బొచ్చు పిడికిట పట్టుకుని, "పద నాయనా, మీ ఇంటికి" అంది.

మొదట పొగమంచు వచ్చింది. తన కాళ్ళు తనకే కనపడనంత ఎర్రటి పొగ. గొర్రె ఆగలేదు. కాసేపటికి తవిటమ్మ కాలికి మెత్తగా ఏదో తగిలింది. వంగి తడిమితే చోడి దుబ్బు. గొర్రె పెంటలోంచి మొలిచింది. తన పిడికెడు గింజలే అవి. ఎన్నో తరాలు ఆ మట్టిలోనే పుట్టి, రాలి, మళ్ళీ పుట్టి, ఆ పొగకి అలవాటుపడిపోయాయి. తవిటమ్మ దాన్ని పీకలేదు. గుర్తుకి పక్కన ఒక రాయి పెట్టి ముందుకి నడిచింది.

తర్వాత గాలి వచ్చింది. మనిషిని ఎత్తి కొట్టే గాలి. గొర్రె ఆరు కాళ్ళూ బారజాపి పడుకుంది. తవిటమ్మ దాని పొట్ట కింద దూరింది. గాలి తగ్గాక చూస్తే చుట్టూ చోడి దుబ్బులు, ఒక్కటీ విరగలేదు. మళ్ళీ ఒక రాయి పెట్టింది.

తర్వాత తెల్ల నేల వచ్చింది. అడుగు వేస్తే అప్పడంలా విరిగేది. మీద ఎండ, కింద మంట. తవిటమ్మ పెదవులు పగిలాయి. నాలుకతో తడుపుకుంటే నోరంతా ఉప్పు. ఆ నేల మొత్తం ఉప్పే. "చారు పోసిన ఇన్నేళ్ళలో ఒక్క గుప్పెడు దొరకలేదు గదే" అని ఆ నేలని తిట్టింది. ఒక గుప్పెడు కొంగున కట్టుకుంది. రాయి పెట్టింది.

అలా రాయి తర్వాత రాయి పెట్టుకుంటూ, కూర్చుంటూ, లేస్తూ, గొర్రెతో మాట్లాడుతూ వెళ్ళగా వెళ్ళగా, ఒక లోయ వచ్చింది. లోయ నిండా చోడి. తవిటమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. ఎందుకంటే చోడి వరసల్లో ఉంది. గొర్రె పెంట వరసల్లో పడదు కదా.

చేలోంచి ఒక ముసలాయన కొడవలితో లేచాడు. ఆమెని చూసి బిగుసుకుపోయాడు. ఆయన పేరు జోగయ్య అని తర్వాత తెలిసింది.

"ఎవరు మీరు?" అంది తవిటమ్మ.

"ఇది మా ఊరు. నువ్వెవరు తల్లీ?"

"నేను ముందోడ మనిషిని."

ముసలాయన చేతిలో కొడవలి జారిపోయింది. ఆయన మెల్లగా ఒక మాట అన్నాడు. ఆ ఊళ్ళో ప్రతి పూటా, తినేముందు, ఆకాశం వంక చూసి అందరూ అనే మాట అది. ఎందుకంటారో ఆ మాట అనేవాళ్ళకే తెలియని మాట.

"అన్నం ఉంచండి, వస్తున్నాం."

"ఉంచాం" అంది తవిటమ్మ. "రోజూ ఉంచాం. మీరే రాలేదు."

వాళ్ళ ఓడ ఈ లోయలో పడిందట. విత్తనాలన్నీ కాలిపోయాయట. తరాల తరబడి దుంపలు తిని బతికారట. ఎక్కడికి రావాలో తెలియక వస్తున్నాం, వస్తున్నాం అంటూనే ఉండిపోయారట. కొన్నేళ్ళ కిందట గొర్రెలు తిరిగే చోట చోడి మొలిచింది. అది ఎవరు పంపారో తెలియక దానికే దణ్ణం పెట్టుకున్నారట.

తవిటమ్మ మూట విప్పింది. ముద్ద ఎండి పెంకులా అయింది. ఆకు పరిచి, దాన్ని మధ్యలో పెట్టి, జోగయ్య ముందు ఉంచింది. "తినండి. మీ వాటా ఇది."

జోగయ్య విరిచి నోట్లో వేసుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. మింగాడు. ఉప్పు నేల పక్కన పుట్టి పెరిగిన మనిషి. మొహమాటపడుతూ అన్నాడు. "బాగుందమ్మా. కాస్త ఉప్పు తక్కువైంది."

తవిటమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుని, కొంగు ముడి విప్పి, ఆ ఉప్పు తీసి ఆకులో వేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఒక్కతే రాలేదు. జోగయ్య వచ్చాడు. అతని వెనక విత్తనాల మూటలు మోసుకుంటూ వెనకోడ వాళ్ళు వచ్చారు. తెల్ల రాళ్ళు దారి చూపించాయి. తరతరాలుగా ఆకు మీద ఉత్తినే కూర్చున్న రాళ్ళకి అప్పుడు పని దొరికింది.

గుంపస్వామి తలుపు తీశాడు. బయట అంతమందిని చూసి, లోపలికి తిరిగి కేకేశాడు. "సింహాద్రి మావా, అప్ప చుట్టాలు వచ్చారు. ఉలవచారు కాస్తానన్నావట."

మోకాలు నొప్పి మర్చిపోయి సింహాద్రి పరిగెత్తాడు. "ఆకులు కొయ్యండ్రా" అని మాత్రం అరిచాడు. ఉలవలు ఆ లోకంలోనే లేవు.

కొత్త విత్తనం నాటారు. పొగకీ గాలికీ అలవాటుపడిన విత్తనం. దాన్ని కాటుక తెగులు ముట్టుకోలేదు. కొట్టు నిండింది. అప్పలకొండకి కాపలా కాయడానికి నిజంగానే ఏదో ఒకటి దొరికింది.

తవిటమ్మ ఇంకా చాలాకాలం బతికింది. అంట్లు తోమడం మానలేదు. "చుట్టాలు ఎక్కువయ్యారు, గిన్నెలు ఎక్కువయ్యాయి" అని సణిగేది. ఆ సణుగుడులో ఎంత సంతోషముందో అందరికీ తెలుసు. ఒకరోజు కడుపు నిండా తిని, ఆకు మడిచి, ఒరిగి పడుకుని మరి లేవలేదు. ఆరుకాళ్ళ గొర్రె అంతకుముందే పోయింది. దాని పిల్లల పిల్లలు ఇప్పటికీ ఊళ్ళో ఎవరి గుమ్మం ముందైనా నిలబడి, పెట్టేదాకా కదలవు.

ఆమెకి బొమ్మ చెక్కలేదు, గుడి కట్టలేదు. ఓడపాడు నుంచి లోయ దాకా తెల్ల రాళ్ళ బాట ఉంది. నడిచేవాళ్ళు పక్కకి పోయిన రాయిని సరిచేసి పోతారు. చుట్టం వెళ్ళేటప్పుడు పిడికెడు పచ్చి గింజలు ఇస్తారు. దాన్ని తవిటమ్మ పిడికిలి అంటారు.

ఇంకొకటి ఉంది. ఈ నేల మీద ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా, మొదటి ముద్ద తిని "ఉప్పు తక్కువైంది" అనాలి. ఉప్పు సరిపోయినా సరే, ఎక్కువైనా సరే. తెలియనివాళ్ళు మర్యాదకి "బాగుంది" అంటే ఇంటివాళ్ళ ముఖం చిన్నబోతుంది. తక్కువైందంటే మాత్రం ఆ ఇల్లాలు నవ్వుతూ లేచి, ఉప్పు తెచ్చి, మీ పక్కనే కూర్చుంటుంది. మీరు వచ్చేశారని అప్పుడు నమ్ముతుంది.

కథ విన్నారు కదా, చేతులు కడుక్కోండి. ఆకులు వేశాం.