పిల్లికి గురగుర ఇచ్చిన తిరగలి

ఒకప్పుడు పిల్లికి గురగుర లేదు.

మ్యావ్ ఉండేది. కోపం వస్తే ఫుస్సుమనేది. తోక తొక్కితే ఊరంతా ఉలిక్కిపడేలా అరిచేది. కానీ ఒళ్ళో ముడుచుకు పడుకుని, కళ్ళు సగం మూసి, గొంతులోంచి గుర్రు గుర్రు అంటుంది చూశారూ, అది మాత్రం ఉండేది కాదు. అసలు ఒళ్ళో పడుకోవడమే దానికి తెలీదు. అప్పట్లో పిల్లులు ఇళ్ళల్లో ఉండేవే కావు మరి. ఏటి ఒడ్డున మొగలి పొదల్లో కాపురం. మనిషి అలికిడి వింటే చాలు, పొద లోపలికి జారుకునేవి.

ఎలుకలు మాత్రం హాయిగా ఇళ్ళల్లోనే ఉండేవి. వాటికి అడ్డేముంది?

ఆ ఏటి పక్క ఊళ్ళో గవర్రాజని ఒక రైతు. అతని భార్య వరాలు, తల్లి అచ్చియ్యమ్మ. వాళ్ళింట్లో వంటగది మూల ఒక తిరగలి ఉండేది. మీరు చూశారో లేదో, తిరగలంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు గుండ్రటి రాళ్ళు. పై రాతికి నడుమ నోరు, పక్కన కర్ర పిడి. నోట్లో గింజలు పోసి, పిడి పట్టుకుని తిప్పితే పిండి చుట్టూ రాలుతుంది. తిరిగినంతసేపూ గుర్రు... గుర్రు... అంటుంది. ఆ రోజుల్లో అన్నీ మాట్లాడేవి కాబట్టి తిరగలీ మాట్లాడేది. కాకపోతే రాయి కదా, ఎప్పుడో గాని నోరు విప్పేది కాదు.

ఆ ఏడు ఎలుకలు మరీ మితిమీరిపోయాయి. పప్పులు తిన్నాయి, బెల్లం తిన్నాయి, గవర్రాజు పెళ్ళి పంచెకి కిటికీలు పెట్టాయి. సరేలే అని ఊరుకున్నారు. కానీ ఒకరోజు వరాలు చూసేసరికి జొన్న విత్తనాల గంపకే కన్నం పడింది. పేడతో అలికి, మూతికి మట్టి మెత్తి దాచుకున్న గంప అది. తొలకరి వానకి చల్లాల్సిన గింజలు.

అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది.

"తిండిగింజలు పోతే నాలుగు రోజులు పస్తుంటాం. విత్తనాలు పోతే ఏడాదంతా ఏం తింటాంరా నాయనా!"

పొయ్యిలో పిల్లి లేవలేదనే మాట అప్పటికి పుట్టలేదు, ఇళ్ళల్లో పిల్లే లేదు కాబట్టి. ఉండుంటే అచ్చియ్యమ్మ ఆ మాటే అనేది.

గవర్రాజు నాలుగు ఎండు చేపలు కండువా కొంగున కట్టుకుని మొగలి పొదల దగ్గరకి పోయాడు. అక్కడ ఒక బూడిదరంగు పిల్లి ఎండలో కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. ఇతన్ని చూడగానే లేచింది.

"పోకమ్మా, పోకు! మా ఇంట్లో ఎలుకలున్నాయి," అన్నాడు.

పిల్లి ఆగింది. "చాలా ఉన్నాయా?"

"మేమే వాళ్ళింట్లో ఉంటున్నట్టుంది తల్లీ."

పిల్లి మూతి నాక్కుంది. "వస్తాను కానీ, మనుషులంటే నాకు బెదురు. నన్నేమీ చెయ్యరుగా?"

"ఎంతమాట! నెత్తిన పెట్టుకుని చూసుకోమూ?"

ఏదో మాటవరసకి అన్నాడనుకుంది పిల్లి. చేపలు తిని, అతను తెచ్చిన బుట్టలో కూర్చుంది. పాపం, వాళ్ళు అన్నంత పనీ చేస్తారని దానికేం తెలుసు!

గవర్రాజు బుట్టతో వస్తున్నాడని తెలిసి అచ్చియ్యమ్మ గడపకి పసుపు రాసింది. ఇరుగూ పొరుగూ అందరినీ పిలిచింది. ఎర్రనీళ్ళు కలిపి హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇంటికి కొత్తగా వచ్చే ఆడకూతురికి చెయ్యాల్సిన మర్యాద అది. ఆవిడ మర్యాదల్లో ఏ లోటూ రానివ్వదు.

"కుడికాలు ముందు పెట్టి లోపలికి రామ్మా," అంది.

పిల్లి కాలెత్తింది.

"ఆగాగు! అది కుడి ముందుకాలు. కుడి వెనక్కాలు సంగతేంటి?" అంది పక్కింటావిడ.

"ముందుకాలు పెడితే చాలండీ," అన్నాడు గవర్రాజు.

"ఎలా చాలుద్ది? సగం పిల్లే కుడికాలు పెట్టినట్టవుద్ది!"

కాసేపు పెద్ద వాదనైంది. చివరికి గవర్రాజు పిల్లి కుడివైపు కాళ్ళు రెండూ పట్టుకుని ఒకేసారి గడప దాటించాడు. పిల్లి బోర్లా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్కణ్ణుంచి ఇంక అడక్కండి. పసుపు నీళ్ళతో స్నానం. నుదుట బొట్టు. మహాలక్ష్మి అని పేరు. ఒకావిడ మొహం పైకెత్తి చూసింది, ఒకావిడ తోక కొలిచింది, ఒకావిడ ఏదీ ఓసారి మ్యావ్ అనమంది. మూతి ముందు గారెలు, పెరుగన్నం, పాయసం పెట్టి "తినమ్మా, మొహమాటపడకు" అని అందరూ చుట్టూ కూర్చుని నోట్లోకే చూశారు.

పిల్లి ఒక్క గెంతులో అటకెక్కి పాత కుండల వెనక దాక్కుంది.

ఇంక దిగలేదు. రామ్మా మహాలక్ష్మీ అని అచ్చియ్యమ్మ పిలిచింది. గవర్రాజు నిచ్చెన వేసి తల లోపలికి పెట్టాడు. చీపురు కర్రతో మెల్లగా కదిపి చూశారు. పిలిచిన కొద్దీ అది ఇంకా వెనక్కి పోయింది. ఊరి పిల్లలు రోజూ వచ్చి కింద నిలబడి మ్యావ్ మ్యావ్ అన్నారు. పిల్లికి తిండి లేదు, నిద్ర లేదు.

ఎలుకలకి మాత్రం నవ్వాగలేదు.

"మనల్ని పట్టేది ఇదేనంటర్రా! పెళ్ళికూతురమ్మా, పల్లకీ ఎక్కి దిగవేంటమ్మా!"

అని పాడుకుంటూ విత్తనాల గంపకి రెండో కన్నం కూడా పెట్టాయి. వరాలు రెంటికీ పేడ మెత్తింది. తెల్లారేసరికి మళ్ళీ తవ్వాయి.

"తలుపు తీసి ఉంటే చాలు, నా మొగలి పొదకి నేను పోతాను," అంది పిల్లి అటక మీంచి.

అది పోతే విత్తనాలూ పోయినట్టే. అచ్చియ్యమ్మ తలుపులన్నీ మూయించింది. ఇల్లంతా ఉక్కపోత.

ఒక తెల్లవారుజామున వరాలు తిరగలి ముందు కూర్చుంది. గుప్పెడు గింజలు పోసి తిప్పింది. మనసు మనసులో లేదు. పిడి వదిలేసి నిట్టూర్చింది.

"ఇంకేం చెయ్యాలి దానికి? కొత్త కోడలికి చేసినట్టు అన్నీ చేశాం కదా!"

అప్పుడు తిరగలి నోరు విప్పింది.

"చేశారమ్మా. నీకూ చేశారు. చేశాక నువ్వెక్కడున్నావు?"

వరాలు ఉలిక్కిపడింది. తను ఈ ఇంటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసినవాళ్ళు, జడ కొలిచినవాళ్ళు, పాట పాడమన్నవాళ్ళు. ఎవరికీ ఎదురు చెప్పలేక, పిండి విసరాలంటూ ఈ మూలకి వచ్చి కూర్చుని, పుట్టింటిని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అప్పుడు నేను నీతో ఏమన్నాను?" అని అడిగింది తిరగలి.

వరాలు ఆలోచించింది. "ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదు. పక్కన తిరుగుతూ ఉన్నానంతే. నీ ఏడుపు నువ్వే ఆపుకున్నావు."

వరాలు లేచి అత్త దగ్గరకి వెళ్ళింది.

"అత్తయ్యా, దాన్ని కొన్నాళ్ళు ఎవరూ పలకరించొద్దండీ. చూడనూ వద్దు."

"ఇంటికొచ్చిన పిల్లని పలకరించకపోతే ఏమనుకుంటదే?"

"హమ్మయ్య అనుకుంటదండీ. నేను వచ్చినప్పుడు నన్నూ ఎవరైనా కాసేపు వదిలేస్తే బాగుణ్ణు అనుకున్నాను."

అచ్చియ్యమ్మ కోడలి వంక చూసింది. "నీ గడ్డం పట్టుకుని అందరికీ చూపించింది నేనేగా?"

"మీరేనండీ."

"ముక్కు బాగుందనేగా చూపించాను!" అంది అచ్చియ్యమ్మ. కానీ లేచి వాకిట్లోకి పోయి, పొద్దున్నే మ్యావ్ అనడానికి వచ్చిన పిల్లలందర్నీ ఇళ్ళకి తరిమింది.

వరాలు తిరగలి వెనక మూలలో తన పాత చీర మడతపెట్టి పరిచింది. చిప్పలో నీళ్ళు పెట్టింది. గారెలూ పాయసం తీసేసి రెండు ఎండు చేపలు పెట్టింది. పగిలిన కుండ అడుగులో ఇసుకా బూడిదా పోసి, దాని అవసరానికి కాస్త దూరంగా ఉంచింది. తర్వాత ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. అటక వైపు కన్నెత్తి చూడలేదు. గవర్రాజుకే ఆగక ఓసారి చూడబోతే అచ్చియ్యమ్మ గరిటె చూపించింది.

పిల్లికి అనుమానం వచ్చింది. ఎవరూ పిలవరేం? తల బయటపెట్టింది. ఎవరూ చూడలేదు. దిగింది. చేప తిని పరుగున మళ్ళీ ఎక్కింది. మర్నాడు నీళ్ళు తాగాక కాసేపు కిందే ఉంది. ఆపైన చీర వాసన చూసి దాని మీద పడుకుంది.

వరాలు తిరగలి తిప్పుతూనే ఉంది. గుర్రు... గుర్రు... ఆ అదురు నేలలోంచి పిల్లి పాదాల్లోకి వచ్చింది, పొట్టలోకి వచ్చింది. పిల్లి రాతికి వీపు ఆనించి, ఆ ఇంట్లో మొదటిసారి కంటి నిండా నిద్రపోయింది.

లేచాక అడిగింది. "నువ్వెందుకలా అంటావు?"

"నోట్లో గింజుంది, చుట్టూ ఇల్లుంది. ఇంకేమనాలి?" అంది తిరగలి.

రోజూ అదే వరస. పిల్లి తిరగలి పక్క వదిలేది కాదు. ఎలుకల జోలికి మాత్రం ఇంకా పోలేదు. ఇల్లు తనదనిపిస్తే కదా కాపలా కాసేది!

ఇంతలో ఒక మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. ఫెళఫెళమని ఉరిమింది. తొలకరి! వాకిట్లో పిడకలు తడిసిపోతాయని వరాలు, అచ్చియ్యమ్మ బయటికి పరిగెత్తారు. గవర్రాజు పొలం గట్టు చూడటానికి ఉరికాడు. ఆ హడావిడిలో తలుపు బార్లా తెరిచి వదిలేశారు.

తిరగలి ఆగిపోయింది. ఇల్లు చీకటయింది. ఇంకో ఉరుముకి కుండలన్నీ గణగణలాడాయి. పిల్లి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క పరుగున గడప దగ్గరకి పోయింది. ఎదురుగా ఏరు, ఆ ఒడ్డున మొగలి పొదలు.

వెనక విత్తనాల గంప దగ్గర కరకర మొదలైంది. వాన పడేలోగా మిగిలింది తినెయ్యాలని ఎలుకలన్నీ ఎక్కేశాయి.

"వెళ్ళిపోతున్నావా?" అంది తిరగలి.

"భయమేస్తోంది. నువ్వు తిరుగుతుంటే ఇది ఇల్లులా ఉంటుంది. నువ్వాగితే మళ్ళీ కొత్త చోటయిపోతుంది. ఇంకొక్కసారి గుర్రుమనవూ?"

"నేను రాయినమ్మా. ఒకరు తిప్పితే గాని తిరగలేను. నువ్వు ప్రాణమున్నదానివి, నిన్ను నువ్వే తిప్పుకోగలవు. ఇలా రా. గొంతు నా నోటి దగ్గర పెట్టు."

పిల్లి వచ్చింది. పై రాతి మీద గొంతు ఆనించింది. తిరగలి తన లోపలున్న గురగురలోంచి గుప్పెడు తీసి దాని గొంతులో పోసింది.

"భయమేసినప్పుడు మెల్లగా తిప్పుకో," అంది.

పిల్లి తిప్పుకుంది. గుర్... గుర్రు... గుర్రు... ఉరుము ఉరిమింది. పిల్లి ఇంకాస్త గట్టిగా తిప్పుకుంది. బయట ఉరుము కన్నా లోపలి చప్పుడే దగ్గరగా వినపడింది. వెంట్రుకలు మెల్లగా దిగాయి. తలుపు తెరిచే ఉంది. పిల్లి దాని వైపు చూసింది, తర్వాత గంప వైపు తిరిగింది.

"నా ఇంట్లో ఎవర్రా అది?" అంది.

"పల్లకీ దిగిందర్రోయ్!" అని కేకపెట్టింది ముందున్న ఎలుక. అదే దాని ఆఖరి వేళాకోళం. మిగతావి తోకలు దొరక్కుండా దొరికిన కన్నంలోకి దూరాయి. ఆ కంగారులో ఒకటి అచ్చియ్యమ్మ తమలపాకుల పెట్టెలో దూరి, వారం దాకా బయటికి రాలేదట.

అత్తాకోడళ్ళు తడిసి ముద్దై వచ్చేసరికి గంప మూత మీద పిల్లి పడుకుని ఉంది. గంపలో గింజలు సగానికి పైగా మిగిలాయి. చేనుకి సరిపోతాయి.

"చల్లుకోవచ్చే వరాలూ!" అని అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుంది. పిల్లిని ఎత్తుకుందామని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. గోడకి ఆనుకుని కూర్చుని, వాన చూస్తున్నట్టు వాకిలి వైపు తల తిప్పుకుంది. చాలా కష్టపడి తిప్పుకుంది, పాపం.

పిల్లి గంప దిగింది. ఆవిడ మోకాలికి బుగ్గ రాసింది. ఒళ్ళోకి ఎక్కి చుట్ట చుట్టుకుంది. గుర్రు... గుర్రు... ఈసారి భయమేమీ లేదు. ఊరికే, హాయిగా.

అచ్చియ్యమ్మ కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. కోడల్ని మాత్రం మెల్లగా పిలిచింది.

"వరాలూ, ఇలా వచ్చి నా పక్కన కూర్చోవే. నేనేమీ అడగన్లే."

వరాలు వచ్చి కూర్చుంది. అత్తా, కోడలూ, పిల్లీ ముగ్గురూ వాన వెలిసేదాకా అలాగే ఉన్నారు.

అప్పటినుంచే పిల్లికి గురగుర వచ్చింది. అప్పటినుంచే అది కొత్త ఇంటికి వస్తే ముందు ఏ మూలకో చేరుతుంది, పిలిస్తే రాదు. జబ్బు చేసినా, బెదిరినా తనలో తనే మెల్లగా గుర్రుమని తిప్పుకుంటుంది. దాని మానాన దాన్ని ఉండనిచ్చి మనం పక్కన ఊరికే కూర్చుంటే, ఎప్పటికో తనంతట తనే వస్తుంది, ఒళ్ళో పడుకుని ఆ గురగుర మనకి కూడా వినిపిస్తుంది.