మిరినా వడికిన దారం

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, ఏడు సముద్రాల అవతల యవనుల దేశంలో ఒక పట్నం. పట్నానికి ఒక గుట్ట, గుట్ట మీద ఒక దేవత. ఆ దేవత పాదానికి దారం కట్టి, రెండో కొస పట్టుకుని నడిచేవాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. ఎంత నేరం చేసినవాడైనా సరే, దారం తెగనంతవరకు వాడు దేవత బిడ్డ.

ఆ పట్నాన్ని తర్వాత్తర్వాత చల్లగా ఏలినవాడు తీమాండ్రుడు. ఆయన సభలో నోరు తెరిస్తే దోమలు కూడా రొద మానేసేవట! ఏ తల్లి కన్న బిడ్డో అని అందరూ మెచ్చుకునేవారు. కన్నతల్లి సంగతి అటుంచండి. నేను చెప్పేది పెంచిన దాది మిరినా కథ.

తీమాండ్రుడి తాత పాపిష్టివాడు. తనకు గిట్టని ముగ్గురు దారం పట్టుకుని గుట్ట దిగుతుంటే, కత్తితో దారం కోసి ముగ్గుర్నీ నరికించాడు. వాళ్లలో ఒకడు మిరినా మొగుడు. ఆమెను ఆ ఇంటికే బానిసగా ఈడ్చుకొచ్చారు. దారిలోనే ఆమె చంటిబిడ్డ పోయింది. అదే వారం ఆ ఇంటి కోడలు పురిట్లో పోతే, "వీడికి పాలివ్వు" అని పసివాణ్ణి మిరినా ఒళ్లో పడేశారు. పగవాడి మనవడు. మొదటిరోజు మొహం తిప్పుకుంది. రెండోరోజూ తిప్పుకుంది. మూడోరోజు వాడు ఆమె వేలు పట్టుకున్నాడు. ఇక ఏం చేస్తుంది, మీరే చెప్పండి?

వాడికి ఐదేళ్లు నిండేసరికి తాత పోయాడు. ఆ వెనకే పట్నంలో మాయరోగం పడింది. ఇంటికొక శవం లేచింది. "దారం తెంపిన వంశం ఇక్కడున్నంత కాలం ఇది పోదు" అన్నారు పూజారులు. జనం తాత ఎముకలు తవ్వి పొలిమేర ఏటి అవతలకి విసిరేశారు. పిల్లాడి తండ్రి పడవెక్కి పారిపోయాడు. కొడుకు ఒకడున్నాడన్న సంగతే మరిచాడు మహానుభావుడు!

జనం రాళ్లు పట్టుకుని ఇంటిమీదకొచ్చారు. మిరినా పిల్లాణ్ణెత్తుకుని పెరటి దారిన గుట్టెక్కి, దేవత పాదానికి దారం కట్టింది. పొలిమేర ఏటి నీళ్లలో కాలు పెట్టిస్తే వాడు బతికినట్టే. చంకలో కాస్త ఉన్ని, చేతిలో కదురు. వడుకుతూ నడిచింది.

జనం అరవలేదు, కొట్టలేదు. రెండు పక్కలా వెంట నడుస్తూ, "అయిపోనీ, దారం అయిపోనీ" అని గొణిగారు.

"దాదీ, వాళ్ల చేతుల్లో రాళ్లెందుకు?"

"అటు చూడకు నాయనా. దారం చూడు."

గుట్ట కిందికొచ్చేసరికి ఉన్ని అయిపోయింది. కప్పుకున్న దుప్పటి చింపి పోగులు లాగింది. దారం తెగలేదు.

"అయిపోనీ, దారం అయిపోనీ."

సంతవీధి దాటేసరికి దుప్పటీ అయిపోయింది. కట్టుకున్న బట్ట అంచు చింపింది. దారం తెగలేదు.

"అయిపోనీ, దారం అయిపోనీ."

కోట వాకిలి దాటేసరికి అదీ అయిపోయింది. జుట్టు గుప్పెళ్లతో పీక్కుని వడికింది. నెత్తురు చెంపల మీదికి కారింది. ఆ సన్నపోగు ఎక్కడ తెగుతుందోనని దాన్ని తన నడుముకి మూడు చుట్లు చుట్టుకుని, కొస పిల్లాడి చేతికిచ్చింది.

ఏరు కనబడింది. అప్పుడు ఆమె మరిది దామోనుడు రాయితో ఎదురొచ్చాడు.

"వదినా, నువ్వే తెంపెయ్. మా అన్న నెత్తురు మరిచావా?"

"మరవలేదు. ఆవేళ చంపింది కూడా దారం పట్టుకున్నవాణ్ణే."

దామోనుడు తల దించుకున్నాడు. వెనకున్నవాళ్లు దించుకోలేదు.

నీళ్లు ఇంకా నాలుగడుగులు. తలమీద వడకడానికి ఏమీ మిగల్లేదు. మిరినాకి చావంటే భయమే. అయినా నడుము చుట్టూ ఉన్న దారం ఒక చుట్టు విప్పింది. రెండో చుట్టు విప్పింది. మూడోదీ విప్పి, దారం మీంచి చెయ్యి తీసేసింది.

"నడువు నాయనా. వెనక్కి తిరగకు."

వాడు దారం పట్టుకుని నీళ్లలోకి దిగాడు, లోతులేని ఆ ఏరు దాటాడు. వాడి మీద పడాల్సిన రాళ్లన్నీ ఆమె మీద పడ్డాయి. మొదటి రాయి ఎవరిదో ఎవరూ ఒప్పుకోలేదు.

అవతలి గొర్రెలకాపరులు వాణ్ణి సాకారు. ముప్పయ్యేళ్లకి పట్నం మీద శత్రువులు విరుచుకుపడితే, దిక్కుతోచక జనమే, తెలివిగలవాడని అవతల పేరుపడ్డ తీమాండ్రుణ్ణి బతిమాలి పిలిపించుకున్నారు. అక్కడ పదవి ఎక్కేవాణ్ణి మూడు ప్రశ్నలు అడగడం ఆచారం.

"తండ్రి?"

"పారిపోయాడు."

"తల్లి?"

"పురిట్లో పోయింది."

"మీవాళ్ల సమాధి?"

"ఏటి ఒడ్డున ఉంది. మీరే కట్టారు, తలా ఒక రాయి వేసి."

సభలో ఒక్కడూ తలెత్తలేదు.

ఇప్పటికీ ఆ పట్నంలో పదవి వచ్చినవాడు ముందు ఆ రాళ్లకుప్ప దగ్గరకెళ్లి, ఒక రాయి తీసి మోసుకొచ్చి తన గుమ్మంలో పెట్టుకుంటాడట. ఇంట్లో పిల్లలు ఊరుకుంటారా? "ఈ రాయి ఎవరు విసిరారు?" అని అడుగుతారు.

"మనమే" అని చెప్పాలి. ఇంకోలా చెప్పకూడదు.