ఏటిమొగకు వాటా విడిచే వ్రతం

పీటల మీద కూర్చున్నవారును, గుమ్మంలో నిలబడినవారును మాటలు ఆపి వినుడు. పిల్లలను దగ్గరకు తీసుకొనుడు. ఈ కథలో భయం వేసే చోట్లు ఉన్నవి, వాటిని నేను దాటవేయను.

పూర్వము దర్భకేతుడను ముని నది వెంట నడచి నడచి, ఏరు కడలిలో కలియు చోటికి వచ్చెను. ఆ చోటిని మొగ అందురు. అక్కడ మడచెట్లు నిలువునా ఎండి ఉండెను. గుల్లలు నోళ్ళు తెరచి చచ్చి పడియుండెను. గట్టంతయు ఉప్పు పేరి తెల్లగా ఉండెను. అచట తపస్సు చేయు శంఖపాదుడను ముసలి మునిని చూచి దర్భకేతుడు, అయ్యా, ఏ దేవత శపించగా ఇది ఇట్లయినది, ఏ వ్రతము చేసిన బాగుపడును అని అడిగెను. అందుకు శంఖపాదుడు, దేవత జోలికి పోకు, ఇది మనుషులు చేసిన పని, వ్రతము ఒకటి ఉన్నది గాని చేయవలసినవాడు చేయడు అని, ఆ కథ ఇట్లు చెప్పెను.

ఈ ఏటికి ఎగువన ఉదయకీర్తి అను రాజు ఉండెను. దిగువన మొగ దగ్గర పల్లెలో కొర్లమ్మ అను చేపలమ్మే ముండమోపి ఉండెను. ఆమెకు దానయ్య అను ఒక్క కొడుకు, ఆదెమ్మ అను కోడలు. ఆ పల్లె తాగేది ఇసుకలో తవ్విన చెలమ నీరు. ఏరు పారినంత కాలము చెలమ తియ్యగా ఉండును. ఏరు ఆగెనా, కడలి ఇసుక కిందుగా పాకి వచ్చి చెలమను పట్టుకొనును.

అందుచేత పెద్దలు ఒక వ్రతము పెట్టిరి. తొలకరి ఎర్రనీరు దిగగానే, ఎవని చేనికీ మళ్ళించకమునుపే, దానిని మొగ దాకా పోనియ్యవలెను. తర్వాత వేసవి దాటువరకు ఎంతో కొంత నీరు ఆగకుండా విడువవలెను. వ్రతము ముగిసిననాడు, ఎగువన నీరు మళ్ళించుకొన్నవాడు తానే మొగకు వచ్చి ఆ చెలమ నీరే తీర్థముగా పుచ్చుకొనవలెను. తియ్యగా ఉన్నచో వ్రతము జరిగినట్టు, ఉప్పగా ఉన్నచో జరగనట్టు. ఇందులో మంత్రము లేదు, పురోహితుడు లేడు. నాలుకే సాక్షి.

ఉదయకీర్తి ఏటికి అడ్డముగా ఆనకట్ట కట్టి తలుపులు బిగించెను. పెద్దల వ్రతము మాటేమిటని ఒకడు అడుగగా మంత్రి నవ్వి, "సముద్రానికి దాహం వేస్తుందటయ్యా?" అనెను. సభ విరగబడి నవ్వెను. కడలిలో కలిసే ప్రతి చుక్కా వృథా అని అందరును తలలూపిరి. నిజము చెప్పవలెనన్నచో, మొగ పల్లెవారును ఆనాడు సంతోషించిరి. తలుపులు దించినప్పుడు కొర్లమ్మయే కొబ్బరికాయ కొట్టి, "ఇంక వరద రాదర్రా, గుడిసెలు కొట్టుకుపోవు!" అని చిందులు వేసెను. అది ఆమె తప్పు. దాని సంగతి ముందు ముందు వినుడు.

ఎర్రనీరు రాలేదు. గుడ్లు పెట్టుటకు కడలి నుండి వచ్చిన పులస చేపలు మొగలో తీపినీటి జాడ దొరకక వెనుదిరిగి పోయినవి. ఉప్పూ తీపీ కలిసిన నీటిలో పెరుగు రొయ్యపిల్ల వట్టి ఉప్పులో మాడి చచ్చెను. తోసే నీరు లేనందున మొగకు ఇసుక మేట వేసి పడవలు లోపలే చిక్కెను. ఒండ్రు దిగనందున కడలి గట్టును కొరుక్కు తినెను. ఇవన్నియు అయినవి గాని కొర్లమ్మకు కనబడినది ఒక్కటే. చెలమ ఉప్పగా అయినది, కడుపుతో ఉన్న ఆదెమ్మ ఆ నీరే తాగుచున్నది. ఆమెకు కాళ్ళు వాచెను, ముఖము వాచెను, గుర్రపువాతము కమ్మి కాళ్ళు చేతులు కొట్టుకొనెను. బిడ్డ చచ్చి పుట్టెను. దానయ్య ఆ బిడ్డను ఇసుకలో పూడ్చి వచ్చి తల్లితో మాటాడలేదు. కొబ్బరికాయ కొట్టిన చేయి కదా ఆమెది.

పల్లెవారు పోయి రాజు కాళ్ళ మీద పడిరి. రాజు జాలిపడి వ్రతము చేసెదననెను. ఎట్లు చేసెను? పల్లకీలో వచ్చెను, బాజాలు వచ్చెను. వెండి బిందెలతో ఎగువ నీరు తెచ్చి మొగలో పోయించెను. తీర్థమునకు కూడ తన ఇంటి నీరే మరచెంబులో తెచ్చుకొని, గుక్కెడు తాగి, "అహా, ఎంత తియ్యగా ఉంది!" అనెను. కూడి వచ్చినవారు జయజయధ్వానములు చేసిరి. కొర్లమ్మ మాత్రము జనమును తోసుకొని వచ్చి, "ఏం బాబూ, ఏటిని చెంబులో పెట్టుకొచ్చావా? మూత గట్టిగా బిగించు, ఒలికిపోద్ది" అనెను. భటులు ఆమెను ఈడ్చివేసిరి. దొంగవ్రతమునకు ఫలము ఏమనగా, మరుసటి యేడు కడలి కాలువలెక్కి చివరి చేలలో దూరెను. వరి కంకి తెల్లబోయి తాలు పోయెను.

ఆ తర్వాత పెద్ద వాన కురిసెను. ఆనకట్ట తెగునని భయపడి రాజు తలుపులన్నియు ఒక్కసారిగా ఎత్తించి, మొగ పల్లెవారు నీరడిగిరి గదా, ఇదిగో తీసుకొమ్మనండి, దీనితో వ్రతము చెల్లినది అని కబురంపెను. ఆ నీరు దప్పిక తీర్చుటకు రాలేదు, పల్లెను ఊడ్చుకొని పోయెను. మిగిలిన గుల్లలు బురద కింద ఊపిరాడక చచ్చినవి. పడవను చెట్టుకు కట్టబోయిన దానయ్య పడవతో సహా పోయెను. శవము కూడ దొరకలేదు. వాన వెలియగానే తలుపులు మళ్ళీ దించిరి. అప్పటికి ఆదెమ్మకు మళ్ళీ నెల తప్పి ఉండెను.

కొర్లమ్మ ఏడవలేదు. కోడలి కడుపు చూచెను, చెలమ చూచెను. పిమ్మట ఎన్నడూ తొక్కని గడప తొక్కెను. కాలువ చివరి రైతు తమ్మయ్య ఇంటికి పోయెను. రైతులకును చేపలవారికిని నీటి దగ్గర తరాల పగ. తమ్మయ్య అరుగు దిగకుండానే, "మీ చేపలకి నీళ్ళొదిలితే మా నారు ఎండుద్ది. నడు నడు" అనెను.

"నీ చేలో మట్టి తీసి నోట్లో వేసుకో" అనెను కొర్లమ్మ.

"నీకేమైనా పిచ్చా?"

"వేసుకోవయ్యా. రుచి చూడ్డానికి కూడా రాజుగారి సెలవు కావాలా?"

తమ్మయ్య రోషముతో ఇంటి పక్క చేనిలోకి దిగి మట్టి తీసి నాలుకకు రాచుకొని తుపుక్కున ఉమ్మెను. అప్పుడు కొర్లమ్మ, "మా మొగ ఎక్కడికీ పోలేదు బాబూ, నీ చేలోకొచ్చి కూర్చుంది. రేపు నీ నూతిలోకి వస్తుంది" అనెను.

ఆ మాటతో రైతులును చేపలవారును ఒక్కటై కదిలి ఆనకట్ట మీద కూర్చుండిరి. భటులు కొట్టిరి. లేవలేదు. కొందరి తలలు పగిలెను. లేవలేదు. ఏ దేవతయు ప్రత్యక్షము కాలేదు, ఆకాశవాణి పలుకలేదు, వినువారు ఆ ఆశ విడువుడు. చివరకు రాజే వచ్చెను. కొర్లమ్మ ముంతతో చెలమ నీరు అందించి, "తాగండి బాబూ. మీ వ్రతం, మీ తీర్థం. నా కోడలు రోజూ తాగుతోంది, చచ్చిపోరులెండి" అనెను. అంతమంది ఎదుట కాదనలేక రాజు నోట పోసుకొని, మింగలేక కక్కెను. వాని దొరతనము వాని గడ్డము మీదుగా కారెను.

అప్పుడు తలుపులెత్తిరి. అన్నియు కాదు, ఒక్కసారి కాదు. నీరు నడిచి పోవునంత, వేసవిలోను ఆగనంత. చేలకు పోవునది చేలకు పోయెను, మొగకు పోవునది మొగకు పోయెను. ఇసుక మేట కరిగెను. కాలువ చివర చేలలో ఉప్పు కడుగుకొని పోయెను. చెలమ మెల్లమెల్లగా తియ్యనయ్యెను. అయితే ఆదెమ్మ ఒంటికి పట్టిన ఉప్పు అంత తొందరగా దిగలేదు. పురిటిలో ఆమె పోయెను. ఆడపిల్ల బతికెను. రాజు తీర్థము పుచ్చుకొనవచ్చి, వ్రతము ఫలించినదా అవ్వా అని అడుగగా కొర్లమ్మ మనుమరాలిని చంకనెత్తుకొని, "ఫలించింది బాబూ. సగం" అనెను. రొయ్య వచ్చెను, పీత వచ్చెను. పులస మాత్రము మరి రాలేదు.

అంతట దర్భకేతుడు, అట్లయిన ఈ మొగ మళ్ళీ ఎందుకు ఎండినది అని అడిగెను. శంఖపాదుడు ఇట్లనెను. ఆ రాజు పోయెను. వాని కొడుకు తలుపుల దగ్గర నిలబడి వృథా అనెను, మళ్ళీ దించెను. కొర్లమ్మ మనుమరాలు ఆ చెలమ దగ్గరనే ఉన్నది. అదిగో, ముంచుకొనుచున్నది. ఇప్పుడామెకు ఆరో నెల.

ఇదీ కథ. ఈ వ్రతము ఎవరు చేయవలెననగా, తలుపు మీద చేయి ఉన్నవాడు చేయవలెను, తలుపు దించమని ఆజ్ఞ ఇచ్చువాడు చేయవలెను, ఎగువన కాలువకు తూము పెట్టుకొన్నవాడును, పంట ఆశతో నోరు మూసుకొన్నవాడును చేయవలెను. చేసినవారికి చెలమ తియ్యగా ఉండును, చేను తెల్లబడదు, గట్టు నిలుచును, వల బరువుగా వచ్చును, పురిటి గదిలో ఏడ్పు బిడ్డదే వినబడును. స్వర్గము సంగతి నాకు తెలియదు.

తక్కిన వ్రతములలో విన్నవారికిని పుణ్యమని చెప్పుదురు. ఇందులో లేదు. విన్నవాడికి ఏమీ రాదు. కాబట్టి చేతిలోని అక్షతలు ఇప్పుడే నెత్తిన వేసుకొనకుడు. పిడికిట పట్టుకొని లెండి. ఆనకట్టకు దారి అందరికీ తెలుసు. తలుపు ఎత్తించి వచ్చి అప్పుడు వేసుకొందురు గాని.