గంగులు కాగితం వెనక

అప్పలాచారి మాస్టారిని ప్రశ్న అడిగి తిన్నగా జవాబు తెచ్చుకున్నవాడు విజయనగరంలో లేడు. ఎవరేం అడిగినా పాచికలు ముందుకు తోసి, "కూర్చో, ఆడదాం" అంటాడు. డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక టైలరింగు షాపు పైన గది అద్దెకు తీసుకుని, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒకే ఒక్క ఆట ఆడిస్తున్నాడు. ఒకరు కథ చెబుతారు. తక్కినవాళ్ళు తలా ఒక మనిషై ఆ కథలోకి దిగుతారు. తలుపు తెరుచుకుంటుందా, పడవ మునుగుతుందా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆ ఆట పేరు ఏడు వాకిళ్ళు. నియమాల పుస్తకం అట్ట ఎప్పుడో ఊడిపోతే కింద షాపులో మిషను మీద కుట్టించారు.

మాస్టారి కళ్ళకు శుక్లాలొచ్చాయి. అందుకని ఈ ఆదివారం నుంచి కథ చెప్పే కుర్చీ భానోజీదని పోయిన వారమే చెప్పి, ఆ పుస్తకం అతని చేతిలో పెట్టి పంపాడు. భానోజీ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు, ముప్ఫై రెండేళ్ళ మనిషి. ఆరేళ్ళుగా ఒక్క వారం మానలేదు. అలాంటివాడు ఇవాళ అందరికంటే ముందొచ్చి, పుస్తకం బల్ల మీద తిరిగి పెట్టేసి నిలబడ్డాడు.

"మాస్టారూ, నేను ఆడింది ఈ ఒక్క ఆటే. రెండోది ముట్టుకోలేదు. ఇదే నాకిష్టమని చెప్పుకునే అర్హత నాకుందా?"

పాపం, అతను అడగకుండా కడుపులో దాచుకున్న సంగతి ఇంకొకటుంది. నిన్న విశాఖపట్నంలో ఇలాంటి ఆటలు ఆడేవాళ్ళంతా ఒకచోట చేరితే, అతనూ పైడితల్లీ వెళ్ళారు. పైడితల్లి కోట దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది, మూడున్నరేళ్ళుగా ఆటకొస్తోంది, భానోజీని అన్నయ్యా అని పిలుస్తుంది. అక్కడ కళ్ళజోడు కుర్రాడొకడు "మీకు బాగా నచ్చిన ఆట ఏదండీ" అని అడిగితే, మనవాడు ఛాతీ విరుచుకుని ఏడు వాకిళ్ళు అన్నాడు. ఇంకేమేం ఆడారంటే, ఇంకేం లేదన్నాడు. వాళ్ళు నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, మర్యాదగానే నవ్వారు. "ఒక్కటే ఆడి అదే ఇష్టమంటే ఎలాగండీ" అన్నాడు కళ్ళజోడు. అంతే, భానోజీకి చెవులు కాలిపోయాయి. "అబ్బే, ఇష్టమని కాదండీ. మాస్టారు పెద్దాయన, కాదనలేక వెళ్తుంటాను. ఏదో టైంపాస్" అనేశాడు. పక్కన పైడితల్లి ఉందన్న సంగతి నోరు జారాక గుర్తొచ్చింది. తిరుగు బస్సులో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు వెళ్ళొస్తానని కూడా అనలేదు.

మాస్టారు ఈసారి పాచికలు తోయలేదు. పైడితల్లి మెట్లెక్కి రావడం చూసి, గోడవార ఉన్న ఇనప్పెట్టె తెరిచాడు.

ఆ పెట్టెకో పద్ధతుంది. ఆటలో ఎవరి మనిషి చనిపోయినా, ఆ మనిషి వివరాలు రాసుకున్న కాగితం వెనక మిగతావాళ్ళు నాలుగు మాటలు రాసి పెట్టెలో వేస్తారు. ఆడినవాడు ఆ రాత చూడకూడదు. భానోజీ మొదటి మనిషి గంగులనే పడవవాడు. మూడేళ్ళ ఆట తర్వాత చనిపోయాడు.

మాస్టారు వెతికి ఆ కాగితమే తీసి పైడితల్లికిచ్చాడు. "నా కళ్ళకి ఆనడం లేదమ్మా. నువ్వు రాసింది చదువు."

"ఇతని ముందరేనా?"

"ముందరే."

ఆమె గొంతులో ఏ భావమూ లేకుండా చదివింది. "వంతెన తాడు తెగిపోతంటే గంగులు వదల్లేదు. మేం నలుగురం దాటాం, ఆడు పోయాడు. ఆట అయినాక భానోజీ అన్నయ్య కింద మెట్ల మీద కూకుని ఏడిసాడు. నాను ఇన్నాళ్ళూ ఇది..." అని ఒక్క క్షణం ఆగింది. "ఇది టైంపాస్ అనుకున్నాను. ఇంక అలాగనను."

భానోజీకి తల తీసేసినట్టయింది. పారిపోదామంటే మెట్లవైపు పైడితల్లి నిలబడి ఉంది. నోరు పెగల్చుకుని నిన్నటిదంతా చెప్పాడు. కాదనలేక వస్తున్నానని అన్న మాట కూడా దాచకుండా, మాస్టారి ముఖం చూడలేక బల్లకేసి చూస్తూ చెప్పాడు. ముసలాయన మనసు కష్టపెట్టుకున్నాడో లేదో తెలియలేదు. పై పంచెతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"తప్పయిపోయింది పైడితల్లీ" అన్నాడు భానోజీ.

"నాకు సెప్పి ఏటి లాభం అన్నయ్యా. గంగులుకి సెప్పు" అని ఆమె కాగితం అతని చేతిలో పెట్టింది.

దానిమీద రబ్బరుతో చెరిపి చెరిపి చిరిగినచోట అతనే అంటించిన అతుకుంది. గంగులు పెళ్ళాం పేరు, పడవ పేరు, అతని చేతిరాతే. నిన్న నలుగురి నవ్వుకి భయపడి వీణ్ణి నేనెరగనన్నాను కదా అనుకున్నాడు. సిగ్గుతో కళ్ళు మసకబారాయి.

మాస్టారు లేచి, కథ చెప్పే కుర్చీ వదిలేసి, భానోజీ ఎప్పుడూ కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఖాళీ కాగితమొకటి ముందుకు లాక్కుని పెన్సిలు తీసుకున్నాడు. కింద మెట్ల మీద తక్కినవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"వేరే ఆటలూ ఆడు, తప్పకుండా ఆడు. పది ఆడితే ఏది మంచిదో చెప్పగలవు" అన్నాడు. "ఆ వేళ మెట్ల మీద కూర్చున్నప్పుడు, ఎన్ని ఆడి వచ్చావని నిన్నెవరైనా అడిగారా? సరే, కూర్చో, మొదలుపెట్టు. నా మనిషికింకా పేరు పెట్టలేదు."