నూరు డిగ్రీల టీ

పైడిరాజుకి అంతా బాగానే ఉంది గానీ, ఒక్క పిల్ల దగ్గర ముల్లు గుచ్చుకుంది.

అతను కొండమీద పరిపూర్ణయ్య గురువుగారి ఆశ్రమంలో శిష్యుడు. ఆ ఆశ్రమానికి ఒక బడి ఉంది. చుట్టుపక్కల కొండ ఊళ్ళ పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. పైడిరాజు విజయనగరంలో ఫిజిక్సు చదివి, ధ్యానం నేర్చుకుందామని ఇక్కడికొస్తే, గురువుగారు అతని చేతికి జపమాల ఇవ్వలేదు, తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం ఇచ్చారు. "ఇదే నీ సాధన నాయనా," అన్నారు. ఇంకేం చేస్తాడు, చేశాడు.

ఈ ఏడు గురువుగారు ఇంకో మాట అన్నారు. "మన పిల్లలు అప్పజెప్పడం బాగానే నేర్చారు. ఆలోచిస్తున్నారో లేదో తెలీటం లేదు. పరీక్ష పెట్టి చూసి చెప్పు."

అది విన్నాక పైడిరాజుకి నిద్ర పట్టలేదు. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. నిర్వచనాలు రాయమనే ప్రశ్నలన్నీ పక్కన పారేశాడు. పట్టికలిచ్చాడు, వాటిని చూసి ఏం తెలిసిందో రాయమన్నాడు. ప్రతి ప్రశ్న చివరా "ఎందుకు?" అని తగిలించాడు. చివర్లో ఒక ప్రయోగం పెట్టాడు. గిన్నెలో నీళ్ళు మరిగించాలి, నిమిషం నిమిషానికీ థర్మామీటరు చూసి రాసుకోవాలి, గ్రాఫు గియ్యాలి. చూసి రాయడమే, బట్టీకి తావు లేదు. అంతకంటే మంచి పరీక్ష ఉంటుందా అనుకున్నాడు.

పేపర్లు దిద్దితే ఏముంది, తరగతి మొత్తానికి నిండు మార్కులు. గ్రాఫులన్నీ ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చు గుద్దినట్టున్నాయి. గీత ఏటవాలుగా పైకెళ్ళి, నూరు దగ్గర ఆగి, బల్లపరుపుగా సాగిపోయింది. పైడిరాజుకి నేల మీద కాలు ఆనలేదు. ఈ ప్రశ్నపత్రాన్ని కింద మైదానంలో ఉన్న ఆశ్రమం బళ్ళన్నిటికీ పంపించమని గురువుగారిని అడుగుదామనుకున్నాడు.

ఒక్క కొర్రా దొయిమతికి మాత్రం మార్కులు తగ్గాయి. చురుకైన పిల్లే. కానీ పట్టికలో ముందేవో అంకెలు రాసి, కొట్టేసి, పైన నూరులు దిద్దుకుంది. పైడిరాజుకి కొట్టివేతలంటే పడదు, శుభ్రత మార్కులు కోసేశాడు. "థర్మామీటరు చూడ్డం కూడా రాకపోతే ఎలాగమ్మా? కళ్ళు చూపించుకో," అన్నాడు అందరి ముందూ. తిట్టాలని కాదు, నోటికొచ్చింది అన్నాడు.

ఆ పిల్ల ఆ మాట పట్టుకుంది. తనకు కళ్ళు సరిగా కనపడవనీ, సైన్సు రాదనీ, ఇంటికి తీసుకుపొమ్మనీ తండ్రికి కబురు పెట్టింది. సంతరోజున ఆయన వస్తున్నాడు. ఆ కొండల్లో బడి వదిలి ఇంటికెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ బడి గడప తొక్కడం ఎక్కడా లేదు. ఆ సంగతి పైడిరాజుకీ తెలుసు. అందుకే ఆ ముల్లు.

సంత రోజు పొద్దున్నే పేపర్ల కట్ట చంకన పెట్టుకుని గురువుగారి దగ్గరికెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"పిల్లలు ఆలోచిస్తున్నారండి. ఇవిగో రుజువులు," అన్నాడు.

గురువుగారు నాలుగు పేపర్లు తిరగేశారు. గ్రాఫులు చూశారు. "బాగా గీశారు. మరి ఆ పిల్ల వెళ్ళిపోతానంటోందట?"

"కళ్ళు ఆనడం లేదటండి. అంకెలు తప్పు చదివి దిద్దుకుంది. నేనొక మాట అంటే మనసుకి తీసుకుంది."

"ముందేం చదివింది?"

పైడిరాజు తడుముకున్నాడు. "చూడలేదండి. కొట్టేసింది కదా."

గురువుగారు పేపర్లు తిరిగి ఇచ్చేశారు. "సరే గానీ, నాకు కాస్త టీ పెట్టు. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. నీళ్ళు నూరు డిగ్రీలకొచ్చాకే ఆకు వెయ్యి. అంతకు ముందు వేస్తే నాకు పడదు."

ముసలాయనకి ఈ కొత్త చాదస్తం ఏమిటా అనుకున్నాడు పైడిరాజు. అయినా గురువు మాట. బడిలోంచి థర్మామీటరు తెచ్చి, దారం కట్టి, గిన్నె అడుగు తగలకుండా వేలాడదీశాడు.

ఎనభై అయింది. తొంభై అయింది. తొంభై ఆరు దగ్గర నీళ్ళు తెర్లి తెర్లి మరిగాయి. పాదరసం మాత్రం అక్కడే కూర్చుంది. పొయ్యిలోకి ఇంకో రెండు పుల్లలు తోశాడు. గొట్టంతో ఊదాడు, కళ్ళల్లోకి పొగ పోయింది. నీళ్ళు ఇంకా గోలగా మరిగాయి గానీ పాదరసం ఇసుమంతైనా కదల్లేదు.

"అయిందా?" అరుగు మీంచి గురువుగారు అడిగారు.

"ఇంకా రాలేదండి."

థర్మామీటరు పాడైందని తిట్టుకుంటూ వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. అదీ తొంభై ఆరే. మూడోదీ అంతే. ఈలోగా నీళ్ళు సగం ఇగిరిపోయాయి. మళ్ళీ పోశాడు, మళ్ళీ మరిగించాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి గనక ఇంకాసేపు అలాగే ఊదేవాడే. కానీ పుల్లల కోసం వంగినప్పుడు పక్కనే పెట్టిన పేపర్ల కట్ట కంటపడింది. పైనున్న పేపర్లో మూడో ప్రశ్న.

"కొండల మీద నీళ్ళు నూరు డిగ్రీల కంటే తక్కువకే మరుగుతాయి. ఎందుకు?"

తను రాసిన ప్రశ్నే. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అని ఆ పిల్లవాడు రాశాడు. తనే ఎర్రసిరాతో టిక్కు పెట్టాడు. కట్టంతా తిరగేశాడు. అందరూ అదే రాశారు, అందరికీ టిక్కులు. పేజీ తిప్పితే అందరూ నూరు డిగ్రీలు. వాటికీ టిక్కులే. కొండ మీద కూర్చుని కొండ గురించి ప్రశ్న వేసినవాడికి, తను ఉన్నది కొండ మీదని తట్టలేదు.

దొయిమతి పేపరు వెతికి తీశాడు. కొట్టివేతల కింద అంకెలు వెలుగుకి పట్టి చూశాడు. తొంభై ఐదు, తొంభై ఆరు, తొంభై ఆరు, తొంభై ఆరు. ఆ తరువాత పక్కవాళ్ళ కాయితం చూసిందో, పుస్తకం గుర్తొచ్చిందో, అన్నీ కొట్టేసింది. పైడిరాజు సిగ్గుతో చచ్చిపోయాడు. ఉన్నది ఉన్నట్టు చూసిన ఒక్క పిల్లకి కళ్ళు లేవన్నాడు.

బయటికొచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు.

"ఇక్కడ నూరు రాదండి."

"మరి పిల్లలకెలా వచ్చింది?"

గురువుగారు వంటింటి వైపు చెయ్యి చూపించారు. "మరిగాయి కదా, ఆకు వేసెయ్యి," అన్నారు.

టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, పైడిరాజు ఒక్క పరుగున గేటు దగ్గరికెళ్ళాడు. దొయిమతి తండ్రి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. పక్కనే దొయిమతి తన రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. సంత జీపు మధ్యాహ్నం వెళ్తుంది.

"అయ్యా, జీపు వచ్చేదాకా పిల్లని నాకు వదలండి. తప్పు నాది. మీ ముందే సరిచేసుకుంటాను. ఆ తరువాత కూడా పిల్ల వెళ్తానంటే నేనే పెట్టె మోసుకొస్తాను," అన్నాడు.

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె లేచింది.

పైడిరాజు తరగతిని పిలిచాడు. పొయ్యి వరండాలోకి తెప్పించాడు. "మీకిచ్చిన మార్కులన్నీ తీసేస్తున్నాను. తప్పు మీది కాదు, నాది. పరీక్ష మళ్ళీ పెడతాను. ఎన్నిసార్లైనా సరే, సరిగ్గా కుదిరేదాకా పెడతాను," అన్నాడు. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. దొయిమతి తండ్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

నీళ్ళు మరిగాయి. "దొయిమతీ, రా తల్లీ. ఎంతుందో చదువు," అన్నాడు.

ఆ పిల్ల వచ్చి వంగి థర్మామీటరు చూసింది. చూసి, తలెత్తి పైడిరాజు మొహంలోకి చూసింది. అతను ధైర్యం చెప్పడానికి నవ్వాడు, చెప్పమన్నట్టు తలూపాడు. ఆమె ఆ నవ్వు చూసింది, ఆ ఊపు చూసింది.

"నూరండి మాస్టారూ," అంది.

పైడిరాజు మిగతా పిల్లల వైపు తిరిగాడు. ఒక్కడంటే ఒక్కడు గిన్నె వైపు చూడటం లేదు. అందరి కళ్ళూ తన మొహం మీదే ఉన్నాయి. కాదనాలో, ఔననాలో, అసలు మొహం ఎలా పెట్టాలో అతనికి తెలీలేదు.

గురువుగారు అరుగు దిగి మెల్లిగా వచ్చారు. పైడిరాజు రెండు భుజాలూ పట్టుకుని, అతన్ని గోడకేసి తిప్పి నిలబెట్టారు. మొహానికి జానెడు దూరంలో సున్నం పెచ్చులూడిన గోడ. వెనక నీళ్ళు మరుగుతున్న చప్పుడు.

దొయిమతి గొంతు వినిపించింది. "తొంభై ఆరు."

"కాదు, దాటింది," అన్నాడు ఒక కుర్రాడు.

"నువ్వు పైనుంచి చూస్తున్నావు. కిందకి వంగి చూడు."

"వంగాను. దాటిందే."

"ఇంకో గ్లాసు నీళ్ళు పోసి మళ్ళీ చూద్దాం. అప్పుడూ అక్కడే ఆగితే నాదే రైటు. పెట్టె సంగతి తరువాత నాన్నా, నువ్వు కూడా రా, చూడు."

పిల్లలంతా పొయ్యి చుట్టూ మూగిన చప్పుడు, ఒకరి మీద ఒకరు పడి అంకెలు చదువుతున్న గోల. ఎవరిది రైటో చూడాలని పైడిరాజుకి ప్రాణం కొట్టుకుంది. మెడ తిప్పబోయాడు.

భుజం మీద గురువుగారి చెయ్యి బరువుగా పడింది.

"ఉండు," అన్నారు.