గవరమ్మ సీటు

బండ్లు పెట్రోలు మానేసి కరెంటు తాగడం కొత్తగా నేర్చుకున్న కాలం. అప్పుడు కొండకీ సముద్రానికీ నడుమ గవరమ్మ అనే మనిషి ఉండేదట. ఎండుచేపలు అమ్మేది. నోరు చేపల కత్తి. ఆమెకో చెల్లెలు, నూకాలు. నూకాలుకి చూపు లేదు.

గవరమ్మ కరెంటు బండి నడిపేది. వెనక నూకాలు గంప పట్టుకుని కూర్చునేది. పొద్దున కొండెక్కేవాళ్లు, గంప ఖాళీ చేసుకుని దిగేవాళ్లు. దిగే దారి పేరు ఏనుగుదిగుడు. ఒకపక్క బండరాయి, ఒకపక్క లోయ, మధ్యలో మలుపు.

ఒకనాడు ఆ దిగుడులో బండి మొండికేసింది. హ్యాండిల్ తిప్పడం మానినా పరుగు ఆపలేదు. బ్రేకు పట్టినా ముందుకే లాగింది. మలుపులో గట్టురాయికి గుద్దుకుని ఆగింది.

"ఏటప్పా, ఆగిపోనావు?" అని అక్కని అడిగింది నూకాలు. చెల్లెలి కాలు లోయమీద వేలాడుతోంది. గవరమ్మ ఆ మాట చెప్పలేదు.

బండి లేకపోతే బేరం లేదు. బండి ఇలాగే ఉంటే చెల్లెలు దక్కదు. ఎవరికివ్వాలి బాగుచెయ్యమని?

మొదట అద్దాల షోరూముకి పోయింది. వాళ్లు బండికి కంప్యూటరు తగిలించి, రోగమేమీ లేదన్నారు.

"బాగుందా?"

"బాగుంది మేడమ్."

"అయితే ఎనకెక్కు. ఏనుగుదిగుడు దిగొద్దాం."

ఆ మాటన్న ఇస్త్రీ చొక్కా అబ్బాయికి ఉన్నట్టుండి భోజనం గుర్తొచ్చింది. రోగం లేనిది బండికేగానీ నీకు కాదు, పోయి పడుకో నాయనా అని గవరమ్మ బండి తోసుకుపోయింది.

రెండోది బస్టాండు షెడ్డు. అక్కడివాడు బ్రేకులు మార్చాడు, బండి కడిగాడు, ముందు నిమ్మకాయ కూడా కట్టాడు.

"బాగయిందా?"

"కొత్త బండే."

"అయితే ఎనకెక్కు."

వాడు నేలచూపులు చూశాడు. నాకు చిన్నపిల్లలున్నారమ్మా అన్నాడు.

"నా చెల్లిని ఏ తల్లీ కనలేదనుకున్నావేట్రా?"

మూడోవాడు ఉప్పుమళ్ల దారిలో టార్పాలిన్ కింద కూర్చునే పైడయ్య. చెయ్యి నిదానం, మాట చేదు అని పేరు. హ్యాండిల్ విప్పి, దాని తీగ వెంటే వెనక సీటు కిందిదాకా చూశాడు. గంపలోంచి రాలిన ఉప్పు చెమర్చి అక్కడ తీగని తినేసింది, హ్యాండిల్ మాట బండికి అందడం లేదు.

"ఎనకెక్కుతావా?"

"నానెక్కను. నువ్వూ ఎక్కకు. తాళమిటియ్యి."

గవరమ్మ నోరు మూతపడ్డది అప్పుడేనంటారు. తాళం ఇచ్చేసింది.

కొత్త తీగ వచ్చేదాకా గంప నెత్తికెత్తుకుని కొండెక్కింది. కొంగు పట్టుకుని నూకాలు నడిచింది. షెడ్డువాడు నవ్వాడు. ఎక్కనన్నోడే దొరికాడా నీకు, అని. మీరూ ఎక్కలేదు కదరా, కాకపోతే బాగుందని చెప్పి ఎక్కలేదు, అంది గవరమ్మ.

తీగ వచ్చింది. పైడయ్య బిగించాడు. గవరమ్మ నోరు తెరిచేలోగానే చేతులు తుడుచుకుని, గంప ఒళ్లో పెట్టుకుని, నూకాలు కూర్చునే చోట కూర్చున్నాడు.

కొండెక్కారు. దిగుడు మొదలైంది. గాలి చెవుల్లో హోరుమంది. పైడయ్య వేళ్లు ఆమె భుజంలో దిగబడ్డాయి.

"దిగిపోతావేటి?"

"నడుపమ్మా."

మలుపు మీదికొచ్చింది. గవరమ్మ హ్యాండిల్ తిప్పడం మానింది. బండి లాగడం మానేసింది. బ్రేకు నొక్కింది. గట్టురాయికి ఇవతలే చక్రం ఆగింది. చక్రం కింది గులకరాయి ఒకటి జారి లోయలో పడింది. అది అడుగు తాకేదాకా ఇద్దరూ ఊపిరి తియ్యలేదు.

"ఇంకోపాలి," అన్నాడు పైడయ్య.

మళ్లీ ఎక్కారు, మళ్లీ దిగారు. మూడోసారీ దిగారు. మూడోసారీ అతను వణుకుతూనే ఉన్నాడు. వణుకుతూనే ఎక్కాడు.

అప్పుడు గవరమ్మ చెల్లెల్ని పిలిచింది. "రాయే, ఎక్కు."

చాలా ఏళ్లకి గవరమ్మ పోయింది. దిగుడులో కాదు. పండు ముసలైపోయి, తన ఇంట్లో, చాప మీద, నూకాలు చేతిలో చెయ్యి పెట్టి, ఎవరినో తిడుతూ పోయింది.

ఆ వైపు ఇప్పటికీ బండి బాగయిందంటే ఎవరూ ముందు తాళం అందుకోరు. వెనక సీటు మీద అరచేత్తో కొడతారు. దాని పేరు గవరమ్మ సీటు. మెకానిక్కు ఎక్కితే సరే. తల గోక్కుంటే బండి తోసుకుని పక్కకొట్టుకి పోతారు.

కథ నాది, బండి మీది. బాగుచెయ్యమని ఎవరికిచ్చారో ఆ మనిషిని పిలవండి. ఎనకెక్కమనండి.